నీలవేణికి పదకొండో నెల

ఫిబ్రవరి 20

ఆరింటికి సోలార్ ప్లేట్లు తుడిచాను. పన్నెండూ బాగున్నాయి. మూడో దాని మీద కాకి రెట్ట. బ్యాటరీల్లో నీళ్లు పోశాను. ఎలుకల బోనులో ఒకటి పడింది. ఏడింటికి మాటలు మొదలయ్యాయి.

మీ స్థానంలో రేపు ఇంకొకరు వచ్చినా చదివి అర్థం చేసుకునేలా చిట్టా రాయాలని సర్క్యులర్ వచ్చింది. అందుకని ఈ నాలుగు ముక్కలు. ఇది నల్లబోడు, ఉత్త లైను పద్నాలుగో స్టేషను. ఇక్కడి నుంచి కొండకి అవతల పదిహేనో స్టేషనుకి తీగ ఉంది. ఆ తీగ మీద మా మాటలు తప్ప ఏమీ పోవు.

ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలన్నీ యుద్ధం మొదటి ఏడే రాలిపోయాయి. దేశం మళ్లీ తీగల మీద మాట్లాడుకుంటోంది. అసలు లైను ఎక్కడో భూమిలో ఉంది. ఎక్కడుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఏది అసలో ఏది ఉత్తదో శత్రువుకి తేలకూడదని ప్రభుత్వం రక్షణ నిధి పెట్టి ఇలాంటి లైన్లు నలభై వేయించింది. తీగ వేస్తే చాలదు, దాని మీద ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. అందుకు ఆరుగురు మనుషులు. వాళ్ల మీద సూపర్వైజరుగా నేను, రాజ్యలక్ష్మిని.

గోడకి వినికిడి పెట్టె బిగించి ఉంది. లైనుకి ఎవరైనా చాటుగా చెవి తగిలిస్తే దాని ముల్లు లేస్తుంది. పది గీతలుంటాయి. ముల్లు లేస్తే మనల్ని నమ్మి వింటున్నట్టు. లేవకపోతే ఎవరూ పట్టించుకోనట్టు. ఏప్రిల్ ఒకటి తర్వాత నిధి ఇస్తారా, స్టేషను ఎత్తేస్తారా అన్నది ఈ ముల్లును బట్టే.

సాయంత్రం ఐదింటికి మాటలు ఆపుతాం. బ్యాటరీల్లో మిగిలిన కరెంటు ఊరి బోరు మోటారుకి వెళుతుంది. ఇది నియమావళిలో లేదు. వద్దని కూడా లేదు. స్టేషను రాకముందు ఊళ్లో ఆడవాళ్లందరం నీళ్ల కోసం వాగులో చెలమల దగ్గరికి నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్లం. స్టేషను పోతే మళ్లీ నడుస్తాం.

ఈ రోజు ముల్లు: మూడు గీతలు.

ఫిబ్రవరి 24

ప్లేట్లు తుడిచాను. బోను ఖాళీ.

మాటలకి కూడా నియమాలున్నాయి. ఊరి పేరు చెప్పకూడదు. నిజం మనిషి పేరు చెప్పకూడదు. వాన పడితే పడిందనకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఏడింటి నుంచి ఐదింటిదాకా లైను ఒక్క నిమిషం ఊరకుండకూడదు. ఊరకుంటే అది ఉత్తదని తెలిసిపోతుంది.

మొదట్లో అందరూ హుషారుగా అబద్ధాలు చెప్పారు. మేకల కాశయ్య ఏనుగును కొన్నానన్నాడు. నాలుగు రోజుల్లో అందరి అబద్ధాలూ అయిపోయాయి. ఐదో రోజు కాశయ్య ఏనుగును అమ్మేసి, ఇంకేం చెప్పాలో తెలియక ఎక్కాలు చదివాడు. అవతలి స్టేషనువాళ్లు తప్పులు దిద్దారు.

స్టేషనును నిలబెట్టింది మస్తానమ్మ. మిరప కోతల ముఠాకి ఇరవై ఏళ్లు పెద్దగా ఉన్న మనిషి. వంగిన నడుములు లేవకుండా, నోళ్లు మూతపడకుండా చూడటం ఆమెకు తెలుసు. ఒకరోజు రిసీవర్ తీసి తనకో కోడలుందని చెప్పింది. ఆఫీసు ఇచ్చిన పేర్ల జాబితాలోంచి నీలవేణి అన్న పేరు తీసింది. అవతల మాట్లాడే మనిషి పేరు ఓబులమ్మ. ఆమె ఒక్క క్షణం కూడా ఆగకుండా, "మా బిడ్డ సంగతి నాకే చెప్తాండావా వదినా" అంది. అలా ఇది అత్తారిల్లు అయింది, అది పుట్టిల్లు అయింది. అల్లుడికి కాశయ్యను పెట్టాం. అతనికి అరవై రెండు. గొంతు మాత్రం పాతిక దాటలేదు.

పోయిన జూలై రెండున మస్తానమ్మ నీలవేణికి మూడో నెల అని చెప్పింది. స్టేషను పెట్టాక ముల్లు మొదటిసారి లేచింది ఆ రోజే.

ఈ పూట మాటల్లో కొంత:

"ఏందొదినా, పిల్లను పంపియ్యలేదని మమ్మల్ని అంటా ఉండావంట. మీరొచ్చి పిలిచింది ఎప్పుడు?"

"యేడో నెల్లో వస్తామంటిమి గదా. మీ ఇంటి నుంచి పలుకే లేదు. పలకని ఇంటికి మేమెట్లొస్తాం?"

"ఎవురికి చెప్పావు? గోడకి చెప్పావా?"

"మీ కొడుకును అడుగు."

కాశయ్య రిసీవరుకి దూరంగా జరిగాడు. ముల్లు నాలుగు గీతలు.

మార్చి 3

డివిజన్ ఆఫీసు నుంచి ఉత్తరం. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

"ఉత్త లైను పద్నాలుగవ స్టేషను సూపర్వైజరు గారికి తెలియజేయునది ఏమనగా, మీ లైనునందు ప్రస్తావించబడుచున్న నీలవేణి అను గర్భవతికి గత జూలైలో మూడవ నెల అని చెప్పియున్నారు. ఆ లెక్కన ప్రస్తుతము పదకొండవ నెల నడుచుచున్నది. శత్రువు లెక్కలు రానివాడు కాడు. కావున మార్చి 20 లోగా ప్రసవము పూర్తిచేసి నివేదిక పంపవలెను. లేనిచో స్టేషను కొనసాగింపు కష్టమగును."

కింద డివిజన్ ఆఫీసరు ఇంతియాజ్ గారి సంతకం ఉంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మస్తానమ్మకి చదివి వినిపించాను. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగింది.

"పూర్తి చెయ్యమంటే చెయ్యడానికి అదేమన్నా పిట్టగోడా" అంది. "తొలి కాన్పు. పుట్టింట్లో జరగాల. అత్తగారింట్లో ఎట్టా చేస్తాం?"

"అవతల చెప్పమందాం. పుట్టింట్లోనే జరిగిందని."

"పిల్ల ఇక్కడుంటే కాన్పు అక్కడెట్టా జరిగిద్ది రాజ్జెం? వాళ్లొచ్చి తీసకపోవాల గదా. వాళ్లు రారు. వచ్చి పిలవకుండా మనం పంపం."

"మస్తానమ్మా, నీలవేణి లేదు."

"లేకపోతే మాత్రం? పద్ధతుండదా?"

కాశయ్య కేసి చూశాను. ఆయన కూడా తల ఊపాడు, ఆమె చెప్పిందే నిజమన్నట్టు. తక్కిన నలుగురూ అదే మాట. వాళ్లు వచ్చి పిలవకుండా చేతకానివాడిలా పెళ్లాన్ని పంపలేనని కాశయ్య అన్నాడు. ఆయనకి అసలు పెళ్లే కాలేదు.

మార్చి 5

ఎలుక ఒకటి. ముల్లు రెండు గీతలే. లెక్క తప్పిందని శత్రువుకి కూడా అనుమానం వచ్చిందేమోనని భయం వేసింది.

ఎవరో స్టేషను అరుగు మీద పచ్చి చింతకాయల సంచి పెట్టి వెళ్లారు. ఎవరి కోసమని ఎవరూ అడగలేదు. ఎవరూ తినలేదు కూడా.

పాత చిట్టాలు తీసి నవంబరు నెల చూశాను. ఏడో నెల అదే. నవంబరు 12, 13, 14 తేదీల్లో నా చేతిరాతలో ఒక్క ముక్కే ఉంది: "లైను లేదు. ఎలుక కొరికింది. పద్నాలుగు సాయంత్రం అతికించాను."

ఓబులమ్మ వస్తామని చెప్పింది ఆ మూడు రోజుల్లోనే అయ్యుండాలి. చెప్పిన మాట తీగ తెగినచోట ఆగిపోయింది. అక్కడ వాళ్లు జవాబు రాలేదని మూతి ముడుచుకున్నారు. ఇక్కడ వీళ్లు కబురే రాలేదని ముడుచుకున్నారు. నాలుగు నెలల నుంచి గొడవ పడుతున్నది దీని మీద.

మస్తానమ్మకి చూపించాను. ఆమెకి చదవడం రాదు. కానీ నా వేలు ఉన్న చోటునే చాలాసేపు చూసింది.

"లైను పోతే మనిషి రాకూడదా? బస్సులు లేవా?" అంది.

అంది గానీ, గొంతులో మునుపటి ఊపు లేదు.

మార్చి 6

లైను మీద నిజం చెప్పకూడదు కాబట్టి ఎలుక సంగతి అవతలికి నేరుగా చెప్పలేను. అందుకని పది గంటలకి నేనే రిసీవరు తీసుకున్నాను. నేను లైను మీద మాట్లాడటం ఇదే మొదలు. పక్కింటి పిన్నినన్నాను.

"అమ్మా, నవంబరులో మీరు కబురు పెట్టిన మనిషికి దారిలో జ్వరమొచ్చి వెనక్కి పోయాడంట. మీ కబురు వీళ్లకి చేరలేదు. నిన్ననే తెలిసింది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

మనిషి, జ్వరం తప్ప మిగతాదంతా నిజమే. చెప్పాక చేతులు తుడుచుకున్నాను. ఆరుగురూ నన్నే చూస్తున్నారు. అంత బాగా చెప్పలేదని వాళ్ల మొహాల్లో కనిపించింది.

ఓబులమ్మ కాసేపు దగ్గింది.

"అట్లనా" అంది. "మేమేమో మీరు పలకలేదని..." మళ్లీ దగ్గింది. "సరే. అయిందేదో అయింది. వదినను పిలువు."

మస్తానమ్మ రిసీవరు తీసుకుంది.

"ఏం వదినా. బుధవారం వస్తాం. పిల్లను తోలిస్తారా?"

"రాండి. మీ బిడ్డను మేం కట్టేసుకోలా. చలివిడి చేసి పెడతాం."

"చలివిడి మీరెట్ల చేస్తారు? చలివిడి పెట్టేది పుట్టింటోళ్లు."

"మాకు తెలవకడుగుతా, పదకొండు నెలలు తిండి పెట్టింది ఎవురు?"

నేను టేబుల్ మీద కొట్టాను. పదకొండు అనకూడదని సైగ చేశాను. మస్తానమ్మ నాలుక కరుచుకుంది. ముల్లు అప్పటికే ఐదు గీతలు దాటింది.

మార్చి 9

ఈ రోజంతా నెలల లెక్క.

లెక్క తప్పిందని లైను మీద చెప్పక తప్పదు. ఎవరి లెక్క తప్పింది అన్నది తేలలేదు. మస్తానమ్మ మొదలుపెట్టింది.

"మీ పిల్ల మాకు మూడో నెలని చెప్పింది. తీరా చూస్తే అప్పటికి ఒకటో నెల. లెక్క తెలవని పిల్లను చేసుకున్నాం, ఏం చేస్తాం."

"మా బిడ్డకు పదో తరగతిలో లెక్కల్లో తొంభై ఆరు. వదినా, నీకు మార్కులెన్నొచ్చినాయో చెప్పు."

"నేను బడికి పోతే మిరప్పళ్లు ఎవురు కోస్తారు?"

"అందుకే తెలీలేదు."

పదకొండున్నర దాకా ఇదే. ముల్లు ఆరు గీతలు. నేను చూసినవాటిలో ఇదే ఎక్కువ. చివరికి ఇద్దరూ ఒకేసారి, ఎవరూ చెప్పకుండానే, తప్పు కాశయ్యదని తేల్చారు. మగాడికి నెలలేం తెలుసు, వాడు చెబితే మేం నమ్మాం అన్నారు. కాశయ్య రిసీవరు తీసుకుని వంగి నిలబడి, "నేనే తప్పు చెప్పినా అత్తా. పొరపాటైంది" అన్నాడు.

"తండ్రయ్యేటోడివి, ఇకనైనా నేర్చుకో" అంది ఓబులమ్మ.

రిసీవరు పెట్టేశాక కాశయ్య మొహం చూస్తే నిజంగానే తిట్లు తిన్నవాడిలా ఉంది. మేకలు తోలుకుని కొండకి పోయాడు. సాయంత్రం మోటారు ఆడేటప్పుడు కూడా కనిపించలేదు.

మార్చి 11

బుధవారం. పద్ధతి ప్రకారం ఓబులమ్మ ఇక్కడికి "వచ్చింది". వచ్చిన మనిషి అవతలి నుంచి మాట్లాడకూడదు కదా. అందుకని ఈ రోజూ రేపూ ఆమె, మస్తానమ్మ ఇద్దరూ లైనుకి దూరంగా ఉంటారు. ఒకామె వచ్చింది, ఇంకొకామె మర్యాదలు చేస్తోంది. లైను ఊరకుండకుండా కాశయ్య, అవతలి స్టేషనులో ఇంకొకతను చింతపండు నాణ్యం గురించి మాట్లాడుతున్నారు.

మస్తానమ్మకి ఈ రోజు పని లేదు. అయినా వచ్చి అరుగు మీద కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుంది. ఎందుకని అడగలేదు.

పదకొండింటికి ఫోను మోగింది, మాటల లైను మీద కాదు, ఆఫీసు వైపు నుంచి వచ్చే తీగ మీద. లైన్‌మెన్ల దగ్గర క్లిప్పు ఫోన్లుంటాయి. తీగ కనిపించినచోట క్లిప్పు తగిలించి మాట్లాడొచ్చు, బెల్లు కొట్టొచ్చు. ఎవరో లైన్‌మన్.

"అక్కా, పిల్లను పంపించేశారా?"

"ఎవరు నువ్వు?"

"నా పేరెందుకు లేక్కా. మా క్యాంపులో అడగమన్నారు."

పన్నెండింటికి తొమ్మిదో స్టేషను సూపర్వైజరు. చలివిడి ఎవరు చేశారని ఆయన ప్రశ్న. తర్వాత ఎక్కడో కాపలా ఉండే జవాను, ఎక్కడో చెప్పకూడదన్నాడు, సైన్యంలో చేరకముందు తన అక్క కాన్పు ఎలా అయిందో చెప్పాడు. డివిజన్ ఆఫీసులో ఫోను కలిపే అమ్మాయి, "నేను అడిగానని సారుకి చెప్పకండి" అంది. సాయంత్రానికి పదకొండు ఫోన్లు వచ్చాయి.

ఐదింటికి మాటలు ఆపాక ముల్లు కేసి చూశాను. లైను మీద మాటల్లేవు. ఇంకా రెండు గీతలు లేచే ఉంది. అంతలో ఒకరెవరో క్లిప్పు తీసినట్టున్నారు, ఒక గీత దిగింది. కాసేపటికి ఇంకొకటి. సున్నా.

జూలై నుంచి మా మాటలు విన్నది శత్రువు కాదు. మనవాళ్లు.

మార్చి 12

ఈ సంగతి చిట్టాలో రాస్తున్నానని మస్తానమ్మకి చెప్పాను.

"ఎందుకు రాయడం?" అంది. "ముల్లు లేస్తా ఉండలా? చాలదా? ఎవురు లేపితే ఏంది?"

"మనల్ని వినకపోతే శత్రువు వినేది అసలు లైనునే."

"అది యాడుండిద్దో మనకి తెలవను గూడా తెలవదు."

"అందుకే."

ఆమె బోరు మోటారు గది వైపు చూసింది. నేనూ చూశాను. గది తలుపుకి తాళం లేదు, తీగ కట్టి ఉంది. కొత్త తాళం కొనాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాం.

మోటారు నడవడానికని ఇంకెక్కడో అసలు లైను మీద దెబ్బ పడితే అది నాకు ఇష్టం లేదు. పైన రాసినదంతా నిజం. ఈ చిట్టా ఆదివారం ఆఫీసుకి వెళుతుంది.

మస్తానమ్మ లేచింది. వెళ్లేముందు, "చెలమల దారిలో కంప పెరిగిపోయిందంట. కొట్టించాల" అంది.

మార్చి 17

ఇంతియాజ్ గారు జీపులో వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. కుర్చీలో కూర్చునే ముందు దాన్ని చేత్తో తుడుచుకున్నారు. నా చిట్టా ఆయన చేతిలో ఉంది.

"రాజ్యలక్ష్మి గారూ, మీరు రాసింది పైకి పంపాను. పైవాళ్లకి కోపం వచ్చింది. నిధి ఇచ్చింది శత్రువును మోసం చెయ్యడానికి, మన సిబ్బందికి కాలక్షేపానికి కాదన్నారు."

"అవును సార్."

"ఎల్లుండి కాక ఆవలెల్లుండి, ఇరవయ్యో తేదీ, పది నుంచి పదకొండు దాకా మన సిబ్బంది ఒక్కరు కూడా మీ లైనుకి క్లిప్పు తగిలించకూడదని ఆర్డరు వేశారు. తగిలిస్తే ఉద్యోగం పోతుంది. ఆ గంటలో ముల్లు లేస్తే శత్రువు వింటున్నట్టు. స్టేషను ఉంటుంది. లేవకపోతే ఏప్రిల్ ఒకటిన ప్లేట్లు, బ్యాటరీలు విప్పి లారీకెక్కిస్తారు. నేను వచ్చి నా కళ్లతో చూడాలి."

"ఇరవయ్యో తేదీనే ప్రసవం కూడా సార్. మీ ఉత్తరంలో గడువు."

"అదే మంచిది. ఆ గంటలోనే పెట్టండి. వినేవాడుంటే అదే వింటాడు." కాగితాలు సర్దుకున్నారు. "ఇంకొక మాట. చలివిడి విషయంలో ఓబులమ్మ గారు అంత తేలిగ్గా ఒప్పుకోకుండా ఉండాల్సింది. అది పుట్టింటివాళ్ల హక్కు."

ఆ తర్వాత గోడ మీద క్యాలెండరు చాలాసేపు చూశారు. నేను టీ పెట్టడానికి లేచాను.

మార్చి 20

ఆరింటికి ప్లేట్లు తుడిచాను. రెండుసార్లు తుడిచాను.

తొమ్మిదిన్నరకి ఇంతియాజ్ గారు వచ్చి పెట్టె ముందు కుర్చీ వేసుకున్నారు. గదిలో నేను, మస్తానమ్మ, కాశయ్య. మిగతా నలుగురు కిటికీ బయట. వాళ్ల వెనక ఊరు. ఎవరినీ రమ్మనలేదు. ముల్లు అప్పటికి నాలుగు గీతల మీద ఉంది.

పదికి ఐదు నిమిషాల ముందు నుంచి ముల్లు దిగడం మొదలైంది. ఒకేసారి కాదు. కొంచెం కొంచెంగా, ఒక్కొక్కరే చెవి తీసి వెళ్లిపోతున్నట్టు. పది కొట్టేసరికి సున్నా.

"మనవాళ్లు ఇంతమందా" అన్నారు ఇంతియాజ్ గారు, తనలో తాను.

మస్తానమ్మ రిసీవరు తీసింది.

"వదినా, ఎట్టా ఉంది పిల్ల?"

"పొద్దున్నుంచి నడుం నొప్పి అంటాంది. మంత్రసాని వచ్చింది, ఇంకా టైముంది అంటాంది."

"వేడినీళ్లు కాగుతా ఉండాయా?"

"కాగుతాండాయి. నువ్వు చెప్తేనే కాంచుతామా?"

ముల్లు సున్నా. పది గంటల పది నిమిషాలు, సున్నా. ఇద్దరూ బాగా మాట్లాడారు. కడుపు జారిందని, లేదని, మగపిల్లాడైతే ఎవరి పోలిక రావాలని. మామూలుగా ఇంత మాటకి నాలుగైదు గీతలు లేచేది. కిటికీ బయట కదిలినవాళ్లే లేరు. పది ఇరవై. పది ముప్పై. సున్నా. ఇంతియాజ్ గారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. కాగితం మీద ఏదో రాయడం మొదలుపెట్టారు. ఏం రాస్తున్నారో చూడకుండా నేను బ్యాటరీల వైపు చూశాను. వాటిని లారీకెక్కించాలంటే ఎంతమంది మనుషులు కావాలో లెక్కేశాను. ఎనిమిది మంది.

పదీ ముప్పై ఎనిమిదికి అవతల ఎవరో పిలిచారు. ఆ పిలుపు మాకు కూడా వినపడింది.

"ఉండు వదినా, లోపలికి రమ్మంటాండారు" అని ఓబులమ్మ రిసీవరు పక్కన పెట్టింది.

ఇప్పుడు మస్తానమ్మ మాట్లాడుతూ ఉండాలి. అవతల ఎవరూ లేకపోయినా తనలో తాను గొణగాలి, కాశయ్యను తిట్టాలి, ఏదో ఒకటి. ఇరవై ఏళ్లు ముఠాలో నోరు మూయని మనిషి. ఆమెకి ఈ నియమం నాకంటే బాగా తెలుసు.

మాట్లాడలేదు. రిసీవరు చెవికి ఆనించుకుని నేల చూస్తూ నిలబడింది. నేను ఆమె భుజం తట్టాలి. అది నా పని. తట్టలేదు. కాశయ్య గోడకి ఆనుకుని గడ్డం పట్టుకుని ఉన్నాడు. ఇంతియాజ్ గారి కలం ఆగింది. లైను మొత్తం ఊరకుంది. ఒక నిమిషం. రెండు.

పదీ నలభై ఒకటికి ముల్లు కదిలింది.

ముందు నా కంటి దోషం అనుకున్నాను. ఒక గీత కూడా కాదు. వెంట్రుక మందం. తర్వాత ఇంకొంచెం. నెమ్మదిగా వచ్చి మొదటి గీత మీద నిలబడింది. వణకలేదు. మనవాళ్లు తగిలించినప్పుడు ముల్లు ఎగిరి పడుతుంది. ఇది అలా లేవలేదు.

ఇంతియాజ్ గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. కుర్చీ చప్పుడు కాకుండా ముందుకి వంగి, నా చెవి దగ్గర అన్నారు:

"మనవాడు కాదు. చాలా సన్నటి పరికరం. మాట గట్టిగా ఉన్నంతసేపు అది లాగే కొద్దిపాటి కరెంటు ఈ ముల్లుకి ఆనదు. మాట ఆగిపోయింది కదా, ఏమైందో వినాలని బలం పెంచాడు."

"అంటే ఇంతకాలం ఉన్నాడా సార్?"

"ఎప్పటి నుంచి ఉన్నాడో మనకేం తెలుసు."

మస్తానమ్మకి ఇదేమీ తెలియదు. ఆమె ముల్లు వైపు వీపు పెట్టి నిలబడి ఉంది.

పదీ నలభై మూడుకి అవతల రిసీవరు ఎత్తిన చప్పుడు.

"వదినా, ఉండావా?"

"ఉండా. చెప్పు."

"ఆడబిడ్డ. నీళ్లు పోస్తాండారు."

కిటికీ బయట ఒక్కసారిగా గోల. నేను చెయ్యెత్తి ఆపాను. ముల్లు అక్కడే ఉంది. మొదటి గీత మీద, కదలకుండా.

మస్తానమ్మ ముందు తల్లినే అడిగింది. "నీలవేణి ఎట్టా ఉంది?" అంది.

"బాగుంది. అలిసిపోయింది. ఇప్పుడే రెండు ముద్దలు కారప్పొడన్నం తినింది. పడుకోనుంది."

"పడుకోనీ. లేపబాకండి."

ముల్లు దిగింది. ఎంత నెమ్మదిగా లేచిందో అంత నెమ్మదిగా దిగి సున్నా మీద ఆగింది.

ఇంతియాజ్ గారు ఫారం నా ముందుకి జరిపారు. అందులో 'శత్రు చర్య' అని ఒక గడి ఉంది. ఇంతవరకు మా స్టేషనులో ఆ గడి నింపింది లేదు. సూపర్వైజరు స్వదస్తూరీతో నింపాలి, చూసింది చూసినట్టు రాయాలి అన్నారు. రాశాను:

"ఉదయం 10.41కి లైను ఊరకున్నప్పుడు ఒక గీత లేచింది. ఆడపిల్ల అన్నప్పుడు దిగలేదు. తల్లి బాగుంది అన్నాక దిగింది."

ఆయన చదివారు. దిద్దుతారేమో అనుకున్నాను. కింద సంతకం పెట్టారు.